శరభోజి మహారాజు సరస్వతీ సేవ

అన్నదానము ఆకలిగొన్నవానిని ఆనాటికి తృప్తిపరచును. విద్యాదానము శిష్యునకు జన్మపర్యంతము తోడుండును. గ్రంథరక్షణ ఫలమన్ననో, దాత దేహము చాలించిన పిదప జన్మించువారికిని అందును. ఈ ధర్మమునెరిగి ఆచరించిన ప్రభువులలో తంజావూరు శరభోజి మహారాజు స్మరణీయుడు. రాజ్యము చేజారినను సరస్వతిని చేజారనీయని పుణ్యశీలుని చరిత్రమిది.

ఆయన 1777వ సంవత్సరమున భోసలే వంశమున జన్మించెను. దత్తత చేసికొనిన తుళజాజీ మహారాజు 1787లో పరమపదించెను. దత్తపుత్రుడు బాలుడగుటచే అమరసింహుడు సింహాసనమెక్కెను. నిర్బంధములకు లోనైన ఆ బాలుని ష్వార్ట్జ్ అను క్రైస్తవ మతాచార్యుడు సంరక్షించి, చదువు చెప్పించెను. తుదకు 1798లో శరభోజికి పట్టాభిషేకమయ్యెను. కాని మరుసటి సంవత్సరముననే జరిగిన ఒడంబడికచే దేశపాలన కుంపిణీవారి వశమయ్యెను. రాజునకు మిగిలినవి కోటయు, దాని పరిసరములును. పోషణార్థము ఏటేట లక్ష వరహాలు, దేశపు నికరాదాయములో ఐదవ వంతు ఇచ్చుటకు కుంపిణీ ఒప్పుకొనెను.

అధికారములేని ప్రభువునకు ధనము చిక్కినచో భోగములవైపు మనసు పోవుట లోకసహజము. ఆ ధనము కావేరీ తీరమున మడిదున్నిన రైతు చెల్లించిన పన్నే గదా! దానిలో అధికభాగమును ఆ మహారాజు విద్యకు, కళలకు, వైద్యమునకు, అన్నసత్రములకు వినియోగించెను. ఒరత్తనాటి ముక్తాంబాళ్ సత్రమున అన్నముతోపాటు చదువును లభించెను. ధన్వంతరి మహలున వైద్యులు ఔషధములను పరీక్షించిరి. కోటలో నాగరలిపి ముద్రణాలయము వెలసెను. నాట్యాచార్యులైన చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు సోదరులు ఆయన ఆస్థానమున ఆదరము పొందిరి.

వీటన్నింటికిని శిఖరము సరస్వతీ మహలు. దీనికి బీజము వేసినవారు నాయక రాజులు. రఘునాథ నాయకుడు, ఆయన కుమారుడు విజయరాఘవుడు తెలుగున కవులు. పిమ్మట వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును ఆ సంప్రదాయమును విడువలేదు. శాహాజీ మహారాజు తెలుగున పల్లకీసేవా ప్రబంధము రచించెను. శరభోజి ఈ భాండాగారమును వటవృక్షముగా పెంచెను. పండితులను, లేఖకులను జీతములిచ్చి నియమించి శిథిలమగుచున్న ప్రతులకు పుత్రికలు వ్రాయించెను. 1820లో వేలకొలది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరెను. యాత్రికులు గంగాజలము తెచ్చుకొందురు. ఈ మహారాజు దానితోపాటు సంస్కృత గ్రంథములను సేకరించి తెచ్చెను.

ఆ కాలముననే సమీపమునగల తిరువయ్యారున త్యాగరాజస్వామి ఉంఛవృత్తితో జీవించుచుండెను. రాజాహ్వానమును ఆయన నిరాకరించినట్లు పెద్దలు చెప్పుదురు. ఆ నిరాకరణము కళాపోషణకు కళంకము కాదు. ధనముతో తాటాకులను కాపాడవచ్చును, లేఖకునికి కూడు పెట్టవచ్చును; భక్తుని వాక్కును కొనరాదు. ఈ హద్దు తెలిసినపుడే పోషణ ధర్మమగును.

1832లో శరభోజి దివంగతుడయ్యెను. ఆయన కుమారుడు శివాజీ 1855లో పురుష సంతానము లేక మరణింపగా కుంపిణీవారు రాజ్యచిహ్నములనే గాక అంతఃపురపు సొంత ఆస్తినిగూడ స్వాధీనపరచుకొనిరి. రాణి కామాక్షీబాయి చేసిన వ్యాజ్యము లండను వరకు పోయి, 1859లో ఓడిపోయెను. వంశమే దిక్కులేనిదైన ఆ సమయమున తాళపత్రముల గతియేమి? పెట్టెలలో చెదలకు ఆహారమగుటకు ఎంతోకాలము పట్టదు. అదృష్టవశమున, ఆ వెనుక మద్రాసు ప్రభుత్వము పక్షమున బర్నెల్ దొర సంస్కృత ప్రతులకు పట్టిక సిద్ధపరచెను. అది 1880లో వెలువడెను. 1918లో రాజవంశీయుల సమ్మతితో ప్రభుత్వము ఈ భాండాగారమును ధర్మసంస్థగా చేసి, లక్ష రూపాయల మూలనిధితో సర్వజనులకు తెరచెను. 1983లో కేంద్రప్రభుత్వము దీనిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. నాయకరాజుల తెలుగు యక్షగానములు నేడు మనకు చదువుకొనుటకు దొరకుచున్నవన్న, ఈ పరంపర తెగకుండుటయే కారణము.

మా బాల్యమున గురువుగారు ఏటేట తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాయించెడివారు. ఆయన గతించిన పిదప అటకమీది కట్టలను చూచువారు లేకపోయిరి. పురుగుపట్టిన వాటిని ఒకనాడు గోదావరిలో విడిచిరి. అందేమి యుండెనో చెప్పగలవారు నేడెవ్వరును లేరు. ఆ యింట భక్తికి లోటులేదు; నూనె రాయు చేయి మాత్రము కరవయ్యెను.

రాజు స్థానమున నేడు ప్రభుత్వమున్నది. వరహాల స్థానమున ప్రజల పన్నున్నది. నిధి ఒక యేడు ఇచ్చి మరుయేడు మానినచో తాటాకు ఆగదు. ఇచ్చిన నిధి పత్రమునకు, లేఖకునికి, పాఠకునికి చేరకున్నను ఫలము లేదు. బృహదీశ్వరాలయపు గోడపై శరభోజి తన వంశచరిత్రను రాతిపై చెక్కించెను. ఆ శిలాక్షరములను చదువువారు కొందరే. ఆయన కాపాడిన తాళపత్రములవలన బ్రతుకుచున్న విద్య అనేకులది. మన యిండ్ల అటకలమీద ఏవైన కట్టలున్నచో, ఈ మాసముననే దింపి దుమ్ము దులిపి, యోగ్యమైన భాండాగారమునకు అప్పగింతుముగాక. వాగ్దేవి మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక.