యోహానెస్ కెప్లర్

యోహానెస్ కెప్లర్ (1571 డిసెంబరు 27 - 1630 నవంబరు 15) సుప్రసిద్ధ జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త, గణిత శాస్త్రవేత్త. గ్రహగమనానికి సంబంధించిన మూడు నియమాలను కనుగొన్నవానిగా ఇతడు ప్రసిద్ధుడు. ఇతడు లాటిన్ భాషలో రచించిన "సోమ్నియమ్" (స్వప్నం) అనే కథను తొలి వైజ్ఞానిక కల్పనలలో ఒకటిగా పరిగణిస్తారు. ఆత్మ దేహాన్ని విడిచి లోకాంతరాలకు పోతుందనే పురాతన కల్పనను కెప్లర్ ఈ కథలో భౌతిక శాస్త్రం వైపు మళ్ళించాడు. తన తల్లిపై మంత్రగత్తె అనే నింద పడడానికి ఈ కథ కూడా ఒక కారణమని అతడు భావించాడు.

బాల్యము, విద్య

కెప్లర్ జర్మనీలో స్టుట్‌గార్ట్ సమీపాన ఉన్న వైల్ డెర్ స్టాట్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి హైన్రిష్ కూలికి యుద్ధం చేసే సైనికుడు. కుటుంబాన్ని విడిచి వెళ్ళిపోయాడు. తల్లి కథరీనా పూటకూళ్ళ ఇల్లు నడిపేవాని కుమార్తె. ఆమెకు మూలికా వైద్యంలో ప్రవేశం ఉండేది. 1577లో కనిపించిన గొప్ప తోకచుక్కను ఆమె కుమారుని ఎత్తైన ప్రదేశానికి తీసుకొనిపోయి చూపించింది. చిన్నతనంలో మశూచి సోకి కెప్లర్ కంటిచూపు దెబ్బతిన్నది.

1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరి, మైకేల్ మేస్ట్లిన్ అనే ఆచార్యుని వద్ద కోపర్నికస్ సూర్యకేంద్ర సిద్ధాంతాన్ని అభ్యసించాడు. చంద్రునిపై నిలిచి చూచేవానికి ఆకాశం ఎలా కనబడుతుంది అన్న విషయంపై 1593లో ఒక వ్యాసం వ్రాశాడు. కోపర్నికస్ సిద్ధాంతాన్ని వ్యతిరేకించే ఒక ఆచార్యుడు దానిని చర్చకు అనుమతించలేదు. సోమ్నియమ్ కథకు బీజం ఈ వ్యాసమే.

శాస్త్ర కృషి

1594లో గ్రాజ్ పట్టణంలోని ప్రొటెస్టెంటు పాఠశాలలో గణితోపాధ్యాయుడయ్యాడు. 1600లో మత కారణాలపై అక్కడినుండి బహిష్కృతుడై, ప్రాగ్ వద్ద టైకో బ్రాహీకి సహాయకునిగా చేరాడు. 1601లో టైకో మరణించగా రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞునిగా నియమితుడయ్యాడు. టైకో సేకరించిన పరిశీలనల ఆధారంగా, గ్రహాలు దీర్ఘవృత్త కక్ష్యలలో తిరుగుతాయని తెలిపే నియమాన్ని, రెండవ నియమాన్ని 1609లోను, మూడవ నియమాన్ని 1619లోను ప్రకటించాడు.

సోమ్నియమ్

మరణానంతరం ఆత్మలు చంద్రుని చేరడాన్ని గ్రీకు రచయిత ప్లూటార్క్ ఒక సంవాదంలో వర్ణించాడు. రోమన్ రచయిత సిసెరో రచనలో స్కిపియో స్వప్నంలో నక్షత్రలోకాన్ని దర్శిస్తాడు. మన పరకాయ ప్రవేశ కథలలో వలెనే వీటిలోనూ జీవుడు దేహానికి కట్టుబడి ఉండడు. ప్లూటార్క్ సంవాదాన్ని కెప్లర్ స్వయంగా లాటిన్‌లోకి అనువదించాడు.

1609 ప్రాంతంలో వ్రాసిన సోమ్నియమ్ కూడా స్వప్నంగానే మొదలవుతుంది. ఐస్‌లాండ్‌కు చెందిన డురకోటస్ తల్లి మూలికల సంచులను నావికులకు అమ్ముతుంది. అతడు కొన్నేళ్ళు టైకో వద్ద చదువుకొని తిరిగి రాగా, తల్లి దేహంలేని ఒక ఆత్మను పిలుస్తుంది. తల్లీకొడుకులు తలలపై ముసుగు కప్పుకొని కూర్చోగా అది చంద్రలోక విశేషాలను వివరిస్తుంది.

అయితే ఆ ఆత్మ చెప్పే ప్రయాణం మానవ దేహంతో చేసేది. దూరం 50,000 జర్మన్ మైళ్ళు, అనగా సుమారు 3,70,000 కిలోమీటర్లు. మొదటి కుదుపు ఫిరంగి మందు పేలినంత తీవ్రమైనది కనుక ప్రయాణికునికి నల్లమందు వంటి మత్తు ఇస్తారు. గాలి లేనందున ముక్కు వద్ద తడి స్పాంజి ఉంచుతారు. చలిని తట్టుకోవాలి. చంద్రవాసులకు తమ నేల కదలనట్లు, భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. మన కంటికి భూమి నిశ్చలంగా తోచడం కూడా అటువంటి భ్రమేనని చెప్పడమే కథ ఉద్దేశం.

తల్లిపై విచారణ

1611లో ఈ కథ వ్రాతప్రతి ఒకటి ప్రాగ్ దాటి ఇతరుల చేతులకు చిక్కింది. ఆత్మలను పిలిచే తల్లి పాత్రను చదివినవారు కెప్లర్ తల్లికి ముడిపెట్టారని అతడు అనుమానించాడు. 1615లో లియోన్‌బెర్గ్‌లో ఒక స్త్రీ, కథరీనా ఇచ్చిన చేదు పానీయం వలన తాను జబ్బుపడ్డానని ఆరోపించింది. వివాదం ఇరుగుపొరుగు కలహాలతో, పట్టణ అధికారుల వైరంతో పెరిగినదని చరిత్రకారులు తెలుపుతారు.

1620 ఆగస్టులో 70 ఏళ్ళు పైబడిన కథరీనాను నిర్బంధించి గొలుసులతో బంధించారు. కెప్లర్ లింజ్ నుండి వచ్చి, రక్షణ వాదన తయారీలో స్వయంగా పాల్గొన్నాడు. సాక్షులు చెప్పిన జబ్బులకు సహజ కారణాలు చూపాడు. 1621లో చిత్రహింస పరికరాలను ముందుంచి బెదిరించినా ఆమె నేరం ఒప్పుకోలేదు. సుమారు 14 నెలల నిర్బంధం తరువాత విడుదలై, 1622 ఏప్రిల్‌లో మరణించింది.

ఆ తరువాతి సంవత్సరాలలో కెప్లర్ సోమ్నియమ్‌కు 223 వివరణలు వ్రాశాడు. అవి కథకంటే పెద్దవి. చంద్రలోక వృత్తాంతం చెప్పే ఆత్మ ఖగోళ శాస్త్రానికి, తల్లి శాస్త్రం ఎరుగని అనుభవానికి, ఆమె కన్న కుమారుడు శాస్త్రానికి సంకేతాలని అందులో వివరించాడు.

మరణము, ప్రచురణ

సోమ్నియమ్ ముద్రణ పూర్తికాకముందే 1630లో కెప్లర్ రేగెన్స్‌బర్గ్‌లో మరణించాడు. పని కొనసాగించిన అల్లుడు యాకోబ్ బార్ష్ 1633లో చనిపోగా, కుమారుడు లుడ్విగ్ 1634లో గ్రంథాన్ని వెలువరించాడు. ప్లూటార్క్ సంవాదానికి కెప్లర్ చేసిన అనువాదం కూడా అందులో చేర్చబడింది.

కెప్లర్ తన సమాధికై తానే వ్రాసుకొన్న రెండు పాదాల పద్యానికి విషయం ఆకాశానికి చెందిన మనస్సు, నేలలో మిగిలే దేహం. ముప్పై సంవత్సరాల యుద్ధంలో ఆ సమాధి ఆనవాలు లేకుండా పోయింది. చంద్రునిపై ఒక బిలానికి, నాసా 2009లో ప్రయోగించిన అంతరిక్ష దూరదర్శినికి అతని పేరు పెట్టారు. ఆ దూరదర్శిని 2018 వరకు పనిచేసి, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే 2,600కు పైగా గ్రహాలను కనుగొనడానికి తోడ్పడింది.