స్టూడియోకు ముందే తయారైన ఆల్బమ్: వుడీ గత్రీ నడిచిన తొవ్వ

ఇయ్యాల ఊరికి నలుగురన్న పాటలు కట్టే పోరగాళ్లు ఉన్నరు. పొలం గట్టు మీద సెల్‌ఫోన్ వెట్టి రికార్డు జేస్తున్నరు. వాళ్లతోని ఎప్పుడు మాట్లాడినా ఒక్కటే ముచ్చట. స్టూడియోకు పైసల్లేవు, మ్యూజిక్ జేసేటోడు దొరుకుతలేడు, మొదటి ఆల్బమ్ ఎప్పుడయితదో ఏమో అంటరు. ఆ బాధ నిజమే, కాదనను. కాని ఆల్బమ్ స్టూడియోల మొదలయితదన్న లెక్క మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పనీకి అమెరికాల బతికిన ఒక పాటగాని కథ చెప్త. పేరు వుడీ గత్రీ. ఆయన మొదటి ఆల్బమ్ రికార్డింగ్ రెండు రోజుల పని. ఆ రెండు రోజుల కాడికి చేరనీకి మాత్రం ఆయనకు పదేండ్లు పట్టింది.

వుడీ 1912 జులై 14న ఓక్లహామా రాష్ట్రంల ఒకీమా అనే చిన్న టౌన్‌ల పుట్టిండు. తండ్రి భూముల బేరగాడు, ఊరి రాజకీయాల తిరిగినోడు. గది ఎసోంటి ఊరో ఒక్క ముచ్చటతోని సమజ్ అయితది. వుడీ పుట్టకముందు ఏడాది, 1911ల, లారా నెల్సన్ అనే నల్లజాతి తల్లిని, ఆమె కొడుకును ఒకీమా దగ్గర నది మీది బ్రిడ్జికి ఉరేసిండ్రు. పెద్దగయినంక వుడీ ఆ ఘోరం మీద పాటలు కట్టిండు. కాని చిన్నప్పుడు పెరిగింది మాత్రం ఆ ఊరి గాలిలనే. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది.

ఇంట్ల కష్టం మీద కష్టం. అక్క క్లారా 1919ల ఒంటికి మంట అంటుకొని సచ్చిపోయింది. తండ్రి వ్యాపారం మునిగింది. తల్లి నోరాకు హంటింగ్టన్ అనే జబ్బు. నరాలను, మనసును కొంచెం కొంచెం తింటది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తది. అప్పుడు దాన్ని పిచ్చి అనుకున్నరు. పిచ్చాసుపత్రిల ఏసిండ్రు, ఆమె 1930ల అండ్లనే పోయింది. పాత పాటలు వుడీకి ఆ తల్లి నోటి నుంచే వచ్చినయి.

1929ల తండ్రి ఉన్న టెక్సస్‌కు, పాంపా అనే ఊరికి పోయిండు. హైస్కూల్ పూర్తి చెయ్యలే. సైన్‌బోర్డులు రాసి పైసలు సంపాదించిండు. చిన్నాయన జెఫ్ దగ్గర గిటార్ నేర్చుకున్నడు. పాంపా లైబ్రరీల కూసొని దొరికిన పుస్తకమల్ల చదివిండు. 1933ల మేరీ జెన్నింగ్స్‌ను పెండ్లి చేసుకున్నడు. 1935లనే తన పాటలను టైపు జేసి చిన్న బుక్కు లెక్క కుట్టిండు. ఆ పాటలు శానమట్టుకు నవ్వులాట పాటలే. జనం బతుకు ఇంకా వాటిలకు రాలే.

తెచ్చింది దుమ్ము. అక్కడి మైదానాలు తాతల కాలం నుంచి గడ్డి నేలలు. మొదటి ప్రపంచ యుద్ధంల గోధుమకు ధర పెరిగేసరికి ట్రాక్టర్లు పెట్టి గడ్డిని వేర్లతో సహా దున్నేసిండ్రు. 1930 దాటినంక వానలు పోయినయి. మట్టిని పట్టి ఉంచే గడ్డి లేదు, గాలికి భూమి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14, ఆదివారం నాడు వచ్చిన దుమ్ము దుమారానికి పట్టపగలు చిమ్మచీకటి అయింది. పాంపాల ఇంటిల్లిపాది ఒక్కకాడ కూసొని యుగాంతం వచ్చిందనుకున్నరు. దేవుడు కోపం జేసిండని అనుకున్నోళ్లు మస్తుమంది. ఆ కరువుల మనిషి లాభం పాలు ఎంతనేది తర్వాత తెలిసిన ముచ్చట. గా దుమారం నుంచే వుడీ పాట మారింది. పక్కింటోళ్లు ఒకరికొకరు సెలవు చెప్పుకునుడు పాట అయింది.

ఊర్లు ఖాళీ అయినయి. బ్యాంకులు భూములు గుంజుకున్నయి. పాత కార్లకు పరుపులు, గిన్నెలు కట్టుకొని జనం కాలిఫోర్నియా తొవ్వ వట్టిండ్రు. పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కిన కుటుంబాలు తెలిసినోళ్లకు ఇది కొత్త కథ గాదు. కాలిఫోర్నియాల పండ్లతోటలు ఉన్నయి, పని ఉన్నది అని చెప్పిండ్రు. పోయి చూస్తే ఒక్క పనికి పది మంది. 1936ల లాస్ ఏంజెలెస్ పోలీస్ పెద్ద వందకు పైన పోలీసులను రాష్ట్రం పొలిమేరల కాపల వెట్టి, జేబుల పైసలు లేనోళ్లను ఎనుకకు తోలిండు. సొంత దేశంల సరిహద్దు! వుడీ ఈ ముచ్చటను పట్టుకొని ఎకసక్కెంగ పాట కట్టిండు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలె. వుడీ భూమి పోయిన రైతు గాదు. ఆయన తోటల్ల పండ్లు తెంపి బతుకలే. ఇంకొకరి బతుకును పాట జెయ్యాలంటే ఆ బతుకు దగ్గరికి పోవాలె, ఇనాలె. ఆయన చేసిన గొప్ప పని అదే.

1937ల లాస్ ఏంజెలెస్‌కు చేరి కేఎఫ్‌వీడీ అనే రేడియోల పాడుడు వెట్టిండు. తోడుగ మాక్సిన్ క్రిస్మన్ అనే ఆమె పాడేది. ఆమెకు లెఫ్టీ లూ అని పేరు వెట్టిండు. పొట్టకోసం వచ్చినోళ్లు గుడారాలల్ల, వాగుల పక్క గుడిసెలల్ల ఆ పాటలు ఇన్నరు. తమ ఊరి యాస రేడియోల ఇనబడుతున్నదని సంబురపడి ఉత్తరాలు రాసిండ్రు. పాటల పుస్తకం అచ్చేసి రేడియోలనే చెప్పి అమ్మిండ్రు.

అండ్ల ఒక ఉత్తరం వేరే. వుడీ ఒక పాత పాట పేరు చెప్పుకుంట నల్లజాతోళ్లను కించపరిచే మాట వాడిండు. చదువుకున్న ఒక నల్లజాతి పిలగాడు, నువ్వు వాడిన మాట మమ్మల్ని గాయపరిచిందని మర్యాదగ రాసిండు. ఒకీమా గాలిల పెరిగినోడు కదా, ఆ మాట ఆయనకు తప్పు అనిపించకపోయి ఉండొచ్చు. కాని ఉత్తరం అందినంక ఏం చేసిండు? దాన్ని రేడియోల చదివిండు. అందరు ఇనంగ మాఫీ అడిగిండు. మళ్ల ఆ మాట పలుకలే. నా లెక్కల వుడీ ఆల్బమ్‌కు పునాది వడ్డది గా రోజే. ఇనేటోని మాటకు పాటను మార్చుకునుడు నేర్చుకున్నడు.

1938, 39లల కూలీల క్యాంపులల్ల తిరిగిండు. విల్ గీర్ అనే నాటకాలాయన, ఎడ్ రాబిన్ అనే పత్రికాయన దోస్తులయిండ్రు. పీపుల్స్ వరల్డ్ అనే కమ్యూనిస్టుల పత్రికల రోజు చిన్న కాలమ్ రాసిండు. కావాలనే పల్లె యాసల, తప్పులు పోతున్నట్టు రాసిండు. ఎగతాళి జేసినోళ్లు జేసిండ్రు, చదివేటోళ్లు చదివిండ్రు.

బాణీల సంగతి గూడ చెప్పాలె. వుడీ బాణీలు శానమట్టుకు సొంతవి గావు. కార్టర్ ఫ్యామిలీ రికార్డుల నుంచి, చర్చి పాటల నుంచి, పాత జానపదాల నుంచి తీసుకున్నడు. జనానికి ఎరుకయిన బాణీల కొత్త ముచ్చట వోస్తే తొందరగ నోటికొస్తది. మన సుద్దాల హన్మంతు గూడ గొల్లసుద్దులు, బుర్రకథ అసోంటి జనం రూపాలనే పోరాటం పాటకు వాడిండు. ఒకరినొకరు ఎరుగరు, ఇద్దరు తొక్కిన తొవ్వ మాత్రం ఒక్కటే.

ఈ తిరుగుడుకు ఖరీదు ఎవరు కట్టిండ్రు? మేరీ కట్టింది. 1940 జనవరి నాటికి ముగ్గురు పిల్లలు. ఆమెను, పిల్లలను పాంపాల ఇడిసి, వుడీ మంచుల పడి దొరికిన బండి ఎక్కుకుంట న్యూయార్క్ పోయిండు. పాటగాని తిరుగుబోతుతనాన్ని అందరు మెచ్చుకుంటరు. ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలిగిందో ఎవ్వరు అడగరు. నేను అడుగుతున్న. ఆ పెండ్లి నిలువలే.

న్యూయార్క్‌ల ఫిబ్రవరి 23న ఒక చవక హోటల్ల కూసొని, అప్పుడు రేడియో నిండ మోగుతున్న ఒక దేశభక్తి పాటకు జవాబుగ, ఈ నేల అందరిదీ అన్న పాట రాసిండు. తర్వాత అమెరికాల ప్రతి బడిపిల్లకు వచ్చిన పాట అదే. కాని అప్పుడు దాన్ని పక్కకు వెట్టిండు, రికార్డు జేసింది 1944ల.

మార్చి 3న వలస కూలీల సాయం కోసం ఫారెస్ట్ థియేటర్ల విల్ గీర్ పాటల సభ వెట్టిండు. వుడీ గిటార్ వట్టుకొని ఒక్కడే స్టేజీ ఎక్కి, ఊర్ల ముచ్చట వెట్టినట్టు మాట్లాడుకుంట పాడిండు. చూసేటోళ్లల్ల అలన్ లోమాక్స్ ఉన్నడు. వయసు 25, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ల జానపద పాటలు జమ జేసే కొలువు. తను ఏండ్ల సంది ఎతుకుతున్న మనిషి దొరికిండనుకున్నడు. అదే నెలల వాషింగ్టన్‌కు పిలిచి మూడు దినాలు కూసోవెట్టి వుడీ పాటలు, బతుకు కథ అంత రికార్డు జేసిండు. విక్టర్ కంపెనీకి గూడ ఈయన గురించి చెప్పిండు.

కంపెనీ ఎందుకు ఒప్పుకున్నది? ప్రేమతోని గాదు. జాన్ స్టైన్‌బెక్ రాసిన గ్రేప్స్ ఆఫ్ రాత్ నవల 1939ల వచ్చింది, 1940ల సినిమా అయింది. దుమ్ము కాందిశీకుల కథ అందరి నోట్ల నానుతున్నది. గిరాకి ఉంటదనుకున్నరు. ఆ కథల టామ్ జోడ్ మీద ఒక పాట ఉండాలె. వుడీ టైపు మిషన్ ముందల కూసొని పెద్ద నవలను ఒక్క పాటల కుదించిండు. పుస్తకం కొనలేని జనానికి గూడ ఈ కథ చేరాలెనన్నది ఆయన పట్టు.

1940 ఏప్రిల్ 26న న్యూజెర్సీల క్యామ్డెన్ అనే ఊర్ల విక్టర్ స్టూడియోల రికార్డింగ్. మిగిలింది మే 3న అయిపోయింది. గిటార్, నోటితోని ఊదే హార్మోనికా, ఒక గొంతు. ఇంకేం లేవు. అప్పటి రికార్డుకు ఒక పక్క మూడు, నాలుగు నిమిషాలే పడుతుండె. టామ్ జోడ్ పాట పొడుగు ఎక్కువయి రెండు పక్కలకు పంచిండ్రు. జులైల డస్ట్ బౌల్ బ్యాలడ్స్ పేరుతోని మూడేసి రికార్డుల రెండు ఆల్బమ్‌లు వచ్చినయి. జాగ సాలక రెండు పాటలు మిగిలిపోయినయి. అండ్ల ఒకటి గరీబోళ్లు మెచ్చిన ఒక దోపిడిదొంగ కథ.

పదేండ్ల సంది మోసుకొచ్చిన పాటలు కాబట్టే రెండు రోజులల్ల అయిపోయినయి. ఆ ఆల్బమ్‌ల పాటలు సుట్టాలోలె ఒకదానికొకటి కలిసి ఉంటయి. దుమారం వస్తది, ఇల్లు పోతది, బండి కదులుతది, పోలీసులు ఆపుతరు, ఊపిరితిత్తులల్ల దుమ్ము వడి మనిషి దగ్గుతడు. ఇది ఒక జనం కథ. స్టూడియోకు పోయి అప్పుడు ఏం పాడాలె అని ఆలోచిస్తే గిట్ల రాదు.

అమ్ముడువోయిందా అంటే పెద్దగ పోలే. అదే ఏడు చివర్ల పొగాకు కంపెనీ పైసలతోని నడిచే ఒక పెద్ద రేడియో ప్రోగ్రామ్ దొరికింది. మంచి జీతం. ఏం పాడాలె, ఏం పాడొద్దు అని వాళ్లు చెప్పుడు మొదలువెట్టిండ్రు. కొద్ది రోజులల్లనే ఇడిసిపోయిండు. తర్వాత ఆల్బమ్‌ను మళ్ల అచ్చెయ్యమని విక్టర్‌ను అడిగితే వద్దన్నరు. 1950ల మో ఆష్ అనే ఆయన తన ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ నుంచి ఆ పాటలు మళ్ల తెచ్చిండు. జానపద పాటలకు పట్నం పిల్లలల్ల గిరాకి లేచినంక, 1964ల విక్టర్‌కు ఈ ఆల్బమ్ మళ్ల యాదికొచ్చింది. మిగిలిపోయిన ఆ రెండు పాటలు గూడ కలిపి తెచ్చిండ్రు. అప్పటికి వుడీ చేతులు గిటార్ వట్టే స్థితిల లేవు.

తల్లి జబ్బే ఆయనకు వచ్చింది. 1952ల డాక్టర్లు పేరు చెప్పిండ్రు. 1956 నుంచి ఆసుపత్రులే ఇల్లు. 1961ల బాబ్ డిలన్ అనే 19 ఏండ్ల పిలగాడు ఆసుపత్రికి పోయి ఆయన పాటలు ఆయనకే పాడి ఇనిపించిండు. 1967 అక్టోబర్ 3న న్యూయార్క్‌ల కన్ను మూసిండు. వయసు 55.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, స్టూడియో కోసం పైసలు జమ జెయ్యండ్రి, తప్పులేదు. కాని అప్పటిదాక ఖాళీగ ఉండకండ్రి. మీ ఊర్ల ఎవరి భూమి పోయింది, ఎవరు ఊరిడిసిండ్రు, ఏ ఆడివిడ్డ ఒక్కతే సంసారం ఈడుస్తున్నది, పోయి ఇనుండ్రి. ఇన్నది పాట కట్టుండ్రి. ముందుగాల వాళ్లకే పాడి చూపెట్టుండ్రి, తప్పున్నదంటే దిద్దుకోండ్రి. మీ ముసలోళ్ల నోట్ల ఉన్న బాణీలను ఇప్పుడే ఫోన్ల పట్టుకోండ్రి, వాళ్లు పోతే అవి దొరకయి. ఏ కంపెనీ అన్న కాయితం తెచ్చి సంతకం వెట్టుమంటే, పాట మీద హక్కు ఎవరిదని ముందుగాల అడుగుండ్రి. ఇన్ని జేసినంక రికార్డింగ్‌కు మీకు గూడ రెండు రోజులు సాలుతయి.