కాంతి తపస్వి సి.వి. రామన్

ఖమ్మం నుండి భద్రాచలం వరకు గల దారి వంద కిలోమీటర్లకు పైబడినది. అడవుల అంచున సాగే ఇట్టి దూరాలకు రాగి కేబుల్ ద్వారా టెలివిజన్ ప్రసారాలను చేర్చడం దుష్కరం. కొన్ని వందల మీటర్లకే సంకేతం క్షీణిస్తుంది. దానిని పెంచే యాంప్లిఫయరూ, ఆ యంత్రానికి విద్యుత్తూ దారి పొడవునా అవసరమవుతాయి. అదే సంకేతం కాంతిగా మారి, వెంట్రుక వంటి గాజు తంతువులో పదుల కిలోమీటర్లు నిరాటంకంగా పయనిస్తుంది. అంతకు మించిన సుదూర ప్రయాణంలో ఆ కాంతికి బలం చేకూర్చే విధానాలలో ఒకటి చంద్రశేఖర వేంకట రామన్ పేరును ధరించింది.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో రామన్ బాల్యం తెలుగునాట గడిచింది. 11వ ఏట మెట్రిక్యులేషన్‌లోను, 13వ ఏట నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలోను ఆయన అక్కడే ఉత్తీర్ణులైనారు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1907లో ఎం.ఏ. పట్టా పొందారు.

అదే సంవత్సరం కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగంలో ప్రవేశించారు. పగలు లెక్కల దస్త్రాలు, ఉదయ సాయంత్రాలు బౌబజారులోని విజ్ఞాన సంస్థలో పరిశోధనలు. పదేళ్లు ఇలా గడిచాయి. 1917లో ఆయన ఆ ఉన్నతోద్యోగాన్ని విడిచి, తక్కువ వేతనానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని స్వీకరించారు.

1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలిమను చూచి విస్మయం చెందారు. ఆకాశపు రంగు ప్రతిఫలించడమే ఆ నీలిమకు కారణమని నాటి పండితుల అభిప్రాయం. రామన్ ప్రతిఫలించే కాంతిని పట్టకంతో తొలగించి చూచారు. నీలిమ చెదరలేదు. నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని గ్రహించారు. ఏడేళ్ల అన్వేషణ ఫలించి, 1928 ఫిబ్రవరి 28న శిష్యులు కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో నూతన ఫలితాన్ని కనుగొన్నారు. పదార్థం గుండా పోయే కాంతిలో స్వల్పభాగం అణువులతో శక్తిని పంచుకొని తన రంగును మార్చుకొంటుంది. దీనికే 1930లో నోబెల్ బహుమతి లభించింది.

రామన్ 1970 నవంబరు 21న బెంగళూరులో పరమపదించారు. దూరప్రసారాలకు తగిన గాజు తంతువును అమెరికాలోని కార్నింగ్ సంస్థ రూపొందించింది ఆ ఏడాదే. తదనంతరం శాస్త్రజ్ఞులు ఆ తంతువులోనికి మరొక బలమైన కాంతిని పంపి, రామన్ ఫలితం ద్వారా దాని శక్తిని క్షీణించిన సంకేతానికి అందించగలిగారు. అయితే ఒకే తంతువులో పలు సంకేతాలు సాగేటప్పుడు ఈ ఫలితమే ఒకదాని శక్తిని మరొకదానికి మళ్ళించి టెలివిజన్ చిత్రాన్ని కలుషితం చేయవచ్చు. అందుచేత ఇంజనీర్లు దానిని వినియోగించుకొనడమే గాక అదుపులో ఉంచడమూ నేర్చారు.

సముద్రం నీలంగా ఎందుకున్నదని ప్రశ్నించిన నాడు రామన్ ఏ ప్రయోజనాన్నీ ఆశించలేదు. ఆ జిజ్ఞాస ఫలాన్ని తరువాతి తరాలు అనుభవిస్తున్నాయి.