రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు

గూడూరు మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులలో కచేరీలయందును, కార్ఖానాలయందును, పాఠశాలలయందును పదిమందిపై అధికారము వహించువారు పెక్కండ్రు గలరు. మనుష్యుల మనస్సెఱిగి పని చేయించుటలో పేరొందిన రెడ్డిగారి జీవితమును వారి కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1869 ఆగష్టు 22వ తేదీన వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించిరి. పసితనముననే తల్లిని గోల్పోయి అమ్మమ్మ పోషణమున పెరిగిరి. 1886లో ముద్గల్లున పోలీసు అమీనుగా కొలువు ప్రారంభించి, జిల్లాలలో పెక్కేండ్లు పనిచేసి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలైరి. నిజాముల పాలనలో హిందువు కొత్వాలగుట అదియే మొదలు. 1934 వఱకు, పదునాలుగేండ్లు, ఆ పదవియందుండిరి.

పదవి కత్తి మీది సాము. పైన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. ఆయన అనుగ్రహము ఎంత త్వరితమో ఆగ్రహమును అంత త్వరితము. క్రింద వేర్వేరు మతములకు, భాషలకు చెందిన జవానులు. పైవాని కోపమును క్రిందివానిపై గ్రుమ్మరించుట అధికారులలో పలువురకు పరిపాటి. మేమును అట్టివారి క్రింద కొలువు చేసితిమి. రెడ్డిగారు ఆ కోపమును తమలోనే యింకించుకొనెడివారని ప్రతీతి. తెలుగు, ఉరుదూ, కన్నడ, మరాఠీ భాషలు నేర్చినవారగుటచే ఎవనితో వాని భాషలోనే మాటాడగలిగిరి. 1921 నవంబరులో వేల్సు యువరాజు బొంబాయిలో దిగగా నచట అల్లరులు చెలరేగెను. 1922 జనవరిలో ఆయనయే హైదరాబాదునకు వచ్చినపుడు నగరము ప్రశాంతముగా నుండెను.

అన్నిటికంటె మేము ముఖ్యముగా నెంచునది 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టలు. ఆ సంవత్సరమే ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదూ మాధ్యమముతో వెలసెను. గూడూరు వంటి పల్లెనుండి నగరము చేరిన తెలుగు పిల్లవానికి ఊరు క్రొత్త, బడిభాష క్రొత్త, తలదాచుకొన చోటు లేదు. తల్లిలేని బిడ్డగా పెరిగిన రెడ్డిగారికి ఆ దిక్కులేనితనము చెప్పకయే తెలిసియుండునని మా యూహ. ధనవంతులను, సంస్థానాధీశులను ఒప్పించి విరాళములు గూర్చిరి. పేరు రెడ్డి హాస్టలైనను ఇతర కులముల విద్యార్థులకును అందు చోటు దొరికెను. దాని బాధ్యతలు వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. కొత్వాలు నీడలో స్వతంత్రమైన కలము! భయస్థుడగు అధికారియైనచో ఆ నీడను ఏనాడో తొలగించుకొనియుండును.

నిజామును ఎదిరించిన ఉద్యమములలో వీరు చేరలేదు. ప్రభువునకు ఎంత చేదోడైరో ప్రజల పోరాటమునకు అంత దూరముగా నుండిరి. ఆ లోపమును మేము దాచము. అయినను ఆ హాస్టలులో చదువుకొన్న రావి నారాయణరెడ్డిగారు తెలంగాణ సాయుధపోరాటమునకు నాయకులై, 1952 ఎన్నికలలో నల్లగొండనుండి లోకసభకు ఎన్నికైరి. మఱుసటి యేడు జనవరి 25వ తేదీన రెడ్డిగారు పరమపదించిరి. తెలంగాణ పోలీసు అకాడమీకి నేడు వారి పేరే యున్నది.