మూడు గంటల్లో గీసిన జెండా
(మన పింగళి వెంకయ్య గారి జీవితం)

జాతీయ పతాకాన్ని రూపొందించింది ఎవరని అడిగితే మన హాస్టల్లో ఐదో తరగతి తమ్ముడు కూడా పింగళి వెంకయ్య అని టక్కున చెబుతాడు. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో అది ఒక మార్కు ప్రశ్న. ఆ ఒక్క మార్కు వెనక ఎన్ని ఏళ్ళ శ్రమ ఉందో మాత్రం పుస్తకం చెప్పదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని గురించి నాకు తెలిసిన నాలుగు విషయాలు మిత్రులందరితో పంచుకుంటున్నాను.

వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న భట్లపెనుమర్రు గ్రామంలో జన్మించారు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. కూచిపూడి ఉన్న మొవ్వ మండలంలోనిదే ఈ ఊరు. అటు దివిసీమ మిత్రులకు, ఇటు గుడివాడ వైపు నుంచి వచ్చిన మిత్రులకు కూడా ఎక్కువ దూరం కాదు. ఆయన బందరు హిందూ హైస్కూలులో చదువుకున్నారు. యువకుడిగా ఉన్నప్పుడు బ్రిటిష్ సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 వరకు జరిగిన బోయర్ యుద్ధంలో పాల్గొన్నారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగింది.

వెంకయ్య గారి జీవితంలో నాకు బాగా నచ్చినది ఆయనకు ప్రజలు పెట్టిన పేర్లు. ఒక మనిషికి ఒక మారుపేరు ఉండటమే గొప్ప. ఆయనకు నాలుగు ఉన్నాయి. జపనీస్ భాష నేర్చుకుని 1913లో బాపట్లలో ఆ భాషలోనే ఉపన్యసించినందుకు ఆయన జపాన్ వెంకయ్య. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి ఆదరణలో నడిగూడెంలో ఉండి కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు పత్తి వెంకయ్య. భూగర్భ శాస్త్రం చదివి ఖనిజాలను, వజ్రాలను గురించి శోధించినందుకు డైమండ్ వెంకయ్య. చివరిది జెండా వెంకయ్య. ఈ నాలుగు పేర్లలో ఒక్కటీ ఆస్తి వల్లనో పదవి వల్లనో వచ్చింది కాదు. నాలుగూ నేర్చుకోవడం వల్ల వచ్చినవే.

ఆ రోజుల్లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు దానిని స్థాపించారు. వెంకయ్య గారు అందులో ఉపాధ్యాయులుగా చేరారు. పాఠాలు చెబుతూనే ప్రపంచ దేశాల జెండాలన్నిటి గురించి సమాచారం సేకరించసాగారు. ఏ దేశం ఏ రంగు ఎందుకు పెట్టుకుంది, ఏ గుర్తుకు ఏమి అర్థం అని పరిశీలించారు. 1916లో భారతదేశానికి జాతీయ పతాకం ఎలా ఉండాలో వివరిస్తూ, ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ఈ పని ఎవరూ ఆయనకు అప్పగించలేదు. జీతం లేదు, బహుమతి లేదు. దేశానికి జెండా కావాలని చాలామంది అనుకుంటున్న కాలంలో ఆయన కూర్చుని పని చేశారు. తర్వాత కాంగ్రెస్ సభలకు వెళ్ళి నాయకుల ముందు ఆ విషయం ఎత్తుతూనే వచ్చారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. జెండా మీద రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ గారిది. గాంధీజీ వెంకయ్య గారిని పిలిచి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం గుర్తుతో ఒక జెండా తయారుచేసి ఇమ్మన్నారు. వెంకయ్య గారు మూడు గంటల్లో తెచ్చి ఇచ్చారు. అయితే అప్పటికే కాస్త ఆలస్యమై, అది కమిటీ ముందుకు వెళ్ళలేకపోయింది. ఆ ఆలస్యం మేలే చేసింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తు అనుకుంటే మిగిలిన వారి మాటేమిటని గాంధీజీ మళ్ళీ ఆలోచించి తెలుపు రంగు చేర్పించారు. ఈ సంగతంతా అదే నెలలో ఆయన తన యంగ్ ఇండియా పత్రికలో రాశారు. మచిలీపట్నం జాతీయ కళాశాల పేరు, వెంకయ్య గారి పేరు అందులో ఉన్నాయి.

తమ్ముళ్ళూ, మూడు గంటలు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మూడు గంటల్లో జెండా గీసింది ఆ రోజు చెయ్యి కాదు, అంతకు ముందు అయిదేళ్ళుగా చేసిన సాధన. పరీక్ష మూడు గంటలే. చదువు మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. మన ఇళ్ళలో చదువుకున్నవారు ముందు లేరు. ఎలా చదవాలో చూపించేవారూ లేరు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడిని నేనే. అందుకే ఎవరూ అడగకముందే సిద్ధమైన ఈ మనిషి మనకు ఆదర్శం అంటున్నాను.

తర్వాత ఆ జెండా కోసం దేశం చాలా మూల్యం చెల్లించింది. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో ఎందరో జైలుకు వెళ్ళారు. రంగులకు మతాలను ముడిపెట్టడం మీద అభ్యంతరాలు రావడంతో 1931లో ఏడుగురితో ఒక కమిటీ వేశారు. దానికి కన్వీనరు మన బందరు పట్టాభి సీతారామయ్య గారే. ఆ కమిటీ కాషాయం ఒక్క రంగునే సూచించింది. కాంగ్రెస్ కమిటీ దానిని అంగీకరించక కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం ఉన్న జెండాను ఆమోదించింది. రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా అప్పుడే స్పష్టం చేసింది. ధైర్యం, త్యాగం కాషాయానికి, సత్యం, శాంతి తెలుపుకు, విశ్వాసం ఆకుపచ్చకు అర్థాలయ్యాయి. ఇది చిన్న మార్పు కాదు. రంగు ఒక మతానిదైతే ఏదో ఒక రంగు కిందికి సర్దుకోవలసినవారు మిగిలిపోతారు. రంగు ఒక గుణానిదైతే అది అందరిదీ అవుతుంది.

1947లో రాజ్యాంగ సభ రాజేంద్రప్రసాద్ గారి అధ్యక్షతన పతాక కమిటీ వేసింది. అందులో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ గారు సభ్యులు. మన వసతి గృహాల్లో ప్రతి గోడ మీదా కనిపించే ఆ మహానుభావుడు జెండాను నిర్ణయించిన వారిలో కూడా ఉన్నారని మనం గర్వంగా చెప్పుకోవాలి. 1947 జులై 22న రాజ్యాంగ సభ మూడు రంగుల జెండాను ఆమోదించింది. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది ధర్మచక్రం, 24 ఆకులతో, నీలి రంగులో వచ్చింది.

కాబట్టి ఈనాడు మనం వందనం చేసే జెండా అచ్చంగా వెంకయ్య గారు ఆ మూడు గంటల్లో ఇచ్చినది కాదు. దాని మీద చాలామంది చేతులు పడ్డాయి. ఈ మాట చెబితే ఆయన గొప్పతనం తగ్గదు. పునాది వేసినవాడు పైకప్పు కూడా వేసి ఉండనవసరం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన్ను పట్టించుకున్నవారు తక్కువ. విజయవాడ చిట్టినగర్‌లో పేదరికంలో చివరి రోజులు గడిపి, 1963 జులై 4న కన్నుమూశారు. తన దేహం మీద మువ్వన్నెల జెండా కప్పాలని, తర్వాత దాన్ని తీసి రావిచెట్టుకు కట్టాలని ఆయన కోరుకున్నారని చెబుతారు. ఆయన పేర తపాలా బిళ్ళ రావడానికి 2009 దాకా పట్టింది. అంటే 46 ఏళ్ళు.

మరొక్క మాట. ఒకప్పుడు జాతీయ జెండా చేతితో వడికి నేసిన గుడ్డతోనే ఉండాలి. 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో పాలిస్టర్‌కూ, మిషన్ మీద నేసిన గుడ్డకూ అనుమతి వచ్చింది. ఇప్పుడు జెండా చవకగా ఇంటింటికీ దొరుకుతోంది, అది మంచిదే. కానీ పెడనలో మగ్గాల చప్పుడు విన్నవారికి, మన పత్తి వెంకయ్య గారు గుర్తుకు రాకమానరు.

మన హాస్టల్ తమ్ముళ్ళకు నా మనవి ఒకటే. ఆగస్టు 2న ఆయన జయంతి. ఆ రోజు ప్రేయర్‌లో ఒక్కరైనా లేచి ఆయన గురించి అయిదు నిమిషాలు మాట్లాడండి. వీలైతే ఒకసారి భట్లపెనుమర్రు వెళ్ళి రండి. బస్సు ఛార్జీ ఎంతో కాదు.