డబ్లిన్ నుండి మాచెర్లకు

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 1877లో గుంటూరు సమీపమున గల వేములూరుపాడులో జన్మించిరి. వితంతు వివాహములను ప్రోత్సహించిన సంస్కర్తగా పేరు గడించిన పిదప, ముప్పదియైదేండ్లు దాటిన వయస్సున, 1913లో బారిష్టరు చదువునకై ఐర్లండు దేశము చేరిరి.

ఆనాడు మనవారు ఆ పట్టమునకై సాధారణముగా లండను పోయెడివారు. పంతులుగారు డబ్లిన్ నగరమున చదువుట తెలుగు సాహిత్యము చేసికొన్న అదృష్టమనవలెను. ఆ యేడే అచ్చట ఇంచుమించు ఇరువదివేలమంది కార్మికులు, సంఘములో చేరు హక్కుకై పనులు కోల్పోయి నెలల తరబడి పస్తులుండిరి. ఐరిషు రైతులు అంతకు ముందే భూస్వాములతో దీర్ఘకాలము పోరాడి, 1903 నాటి చట్టముతో తాము దున్ను నేలను కొనుగోలు చేయు వీలు సంపాదించిరి. పంతులుగారు బారిష్టరైన 1916లోనే డబ్లిన్ వీథులలో స్వాతంత్ర్యవాదుల తిరుగుబాటు చెలరేగెను. జాతీయత, భూమి, కూలి: ఐరోపా చరిత్రను నడుపుచున్న ఈ శక్తులు ఆ చిన్నదేశమున పెనవేసికొని యుండెను. మరుసటి యేట రష్యాలో విప్లవము వచ్చెను.

మదరాసులో సాగుచున్న న్యాయవాద వృత్తిని పంతులుగారు సహాయ నిరాకరణ కాలమున విడిచిరి. అప్పటికి పల్నాడు ఉడుకుచుండెను. మాచెర్ల, గురజాల ప్రాంతపు రైతులకు అడవియే పశువుల మేత, అడవియే వంటచెరకు. ఆ మేతపై సర్కారు పుల్లరి వసూలు చేయుచుండెను. మాడభూషి వేదాంతం నరసింహాచార్యులవారితో కలిసి పంతులుగారు ఆ రైతుల నడుమకు వెళ్ళిరి. ఇరువురును చెరసాల పాలయిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను.

చెరలో వ్రాసిన “మాలపల్లి” 1922లో వెలువడెను. కూలీల పక్షమున నిలిచిన సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిదెబ్బకు మరణించును. అన్న వెంకటదాసు దోపిడిదారుల నాయకుడగును. తండ్రి రామదాసు మాత్రము వేదాంతమును వీడడు. గ్రంథము బోల్షెవిక్ భావములను వ్యాపింపజేయునని ప్రభుత్వము 1923లో నిషేధించెను. రామదాసును చదివినవారెవ్వరును ఆ మాట అనజాలరు. డబ్లిన్, రష్యా పాఠములు ఆ ఇంట భక్తుల తత్త్వములతో కలిసి కాపురముండెను. అయినను సర్కారు భయము వట్టిది కాదు. మాలపల్లిలోని కూలివాడు తన కష్టమునకు లెక్క అడుగ నేర్చెను.

1928లో కొన్ని భాగములను తొలగించిన పిదప గ్రంథమునకు అనుమతి లభించెను. 1936లో మరల నిషేధము పడెను. మరుసటి యేట కాంగ్రెసు మంత్రివర్గము దానిని ఎత్తివేసెను. పంతులుగారు, వారి భార్య లక్ష్మీబాయమ్మగారు గుంటూరున స్థాపించిన శారదానికేతనములో ఎందరో స్త్రీలు విద్య నేర్చిరి. పంతులుగారు 1958 సెప్టెంబరు 25న కన్నుమూసిరి.