పాలలో వెన్న కొలిచిన బాబ్‌కాక్ – పాడి రైతుకు రెండు పాఠాలు

పాల కేంద్రంలో మీ పాల నమూనా తీసి, వెన్న శాతం చూసి ధర కట్టడం మీకు రోజూ అలవాటే. ఈ పద్ధతికి బాట వేసినవారిలో ముఖ్యులు స్టీఫెన్ బాబ్‌కాక్.

ఆయన 1843లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. జర్మనీలో రసాయన శాస్త్రం చదివి, 1888లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పట్లో పాలను తూకం చూసి కొనేవారు. నీళ్లు కలిపినా, మీగడ తీసినా, చిక్కటి పాలు పోసినా ఒకటే ధర. నిజాయితీగా పోసిన రైతే నష్టపోయేవాడు.

1890లో బాబ్‌కాక్ సులువైన పరీక్ష కనిపెట్టారు. పాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే వెన్న తప్ప మిగతావి కరిగిపోతాయి. సీసాను యంత్రంలో గిర్రున తిప్పితే వెన్న పైకి చేరుతుంది. సీసా మెడ మీది గీతల్లో శాతం కనబడుతుంది. దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు, అందరికీ ఉచితంగా వదిలేశారు. మన కేంద్రాల్లో వాడిన గెర్బర్ పరీక్షదీ ఇదే సూత్రం.

మేత గురించి కూడా ఆయనకు ఒక అనుమానం ఉండేది. లెక్క ప్రకారం పోషకాలు సమానమైతే ఏ మేతైనా ఒకటేనా? 1907లో ఆయన సహచరులు 16 పెయ్యలను నాలుగు గుంపులు చేసి పరీక్షించారు. ఒక గుంపుకు మొక్కజొన్న, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్స్, మరొకదానికి మూడూ కలిపి పెట్టారు. మొక్కజొన్న తిన్నవాటికి బలమైన దూడలు పుట్టాయి. గోధుమ ఒక్కటే తిన్నవాటి దూడలు చచ్చి పుట్టాయి, లేదా పుట్టిన కొద్ది రోజులకే చనిపోయాయి. తర్వాత విటమిన్ల పరిశోధనకు ఈ ప్రయోగం కూడా దారి తీసింది. బాబ్‌కాక్ 1931లో కన్నుమూశారు.

ఇందులో మీరు పాటించవలసినవి:

1. నెలకోసారి ప్రతి ఆవు పాలు విడిగా తూచండి. చివరి ధారల్లో వెన్న ఎక్కువ కాబట్టి పూర్తిగా పిండి, బాగా కలిపాకే నమూనా తీయండి. పక్కనే దాణా ఖర్చు రాయండి. ఒక ఆవు సంపాదనను మరో ఆవు తినేస్తుంటే అప్పుడే తెలుస్తుంది.

2. వరిగడ్డి, తవుడుతోనే సరిపెట్టకండి. రోజూ పచ్చిమేత వేయండి. పశువైద్యుల సలహాతో ఖనిజ లవణ మిశ్రమం కలపండి.

పాలు ఎన్ని లీటర్లన్నది సగం లెక్కే. వెన్న నిలవాలి, ఆవు సకాలంలో చూలు కట్టాలి, దూడ బతకాలి. అప్పుడే పాడిలో లాభం.